బండి ఇరుసు నుండి విమానపు కాలు వరకు

హైదరాబాదు నగరమునకు వాయవ్యముగా, నర్సాపూరు పోవు మార్గములో, సుమారు 25 కిలోమీటర్ల దూరమున దుండిగల్ ఉన్నది. ఒకప్పుడు అది దక్కను రాతినేలలో ఒక చిన్న పల్లె. 1967 అక్టోబరు 11వ తేదీన నాటి రాష్ట్రపతి డాక్టర్ జాకీర్ హుసేన్ అచ్చట వైమానికదళ అకాడమీకి శంకుస్థాపన చేసిన తరువాత ఆ పేరు దేశమంతటికిని తెలిసినది. 1971లో అకాడమీలో శిక్షణ ఆరంభమైనది. ఆనాటినుండి ఎందరో యువకులు, తరువాతి కాలమున యువతులును, విమానము నడుపు విద్యను అచ్చటనే అభ్యసించిరి.

ఆ విద్యలో మిక్కిలి కష్టమైన పాఠము నేలకు దిగుట. గాలిలో చిన్న తప్పు జరిగినచో దిద్దుకొనుటకు వ్యవధి ఉండును. నేలను తాకు క్షణమున ఆ వ్యవధి ఉండదు. కొత్తగా నేర్చుకొను కేడెట్టు విమానమును దించునప్పుడు అది మెత్తగా వాలక దబ్బున పడుట సహజము. అట్లు పడిన ప్రతిసారియు విమానము విరిగినచో, లేక కేడెట్టు వెన్నెముక దెబ్బతిన్నచో, ఏ దేశమును పైలట్లను తయారుచేయజాలదు. ఆ దెబ్బను మ్రింగి, విమానమును తిరిగి పైకి ఎగిరిపడనీయక నేలమీద నిలుపు పరికరము విమానపు కాలిలో ఉన్నది. అందులో రెండు పనులు ఒకేచోట జరుగును. ఒకటి దెబ్బకు లొంగుట. రెండవది, లొంగిన తరువాత ఊగకుండ ఆగుట.

ఇదే దుండిగల్ ప్రక్కగా హైదరాబాదు చుట్టును 158 కిలోమీటర్ల వలయమార్గము పోవుచున్నది. ఆ మార్గముపై పరుగెత్తు స్పోర్ట్స్ కార్లలో కొన్నిటికి యజమానులు మొదటి స్ప్రింగులను తీసివేసి, ‘కాయిల్‌ఓవరు’ అను సవరించదగిన పరికరమును అమర్చుకొనుచుందురు. చుట్టస్ప్రింగు, దాని నడుమ ఊపును అణచు గొట్టము, రెండును కలిసి ఒకే కాలుగా ఉండుటయే కాయిల్‌ఓవరు. చూచుటకు అది విమానపు కాలికి తమ్ముని వలె ఉండును. ఈ రెండిటి పుట్టుపూర్వోత్తరములు పరిశీలించినచో, ఎడ్లబండి, ఫిరంగి, గుఱ్ఱపుబండి, బస్సు మొదలగునవన్నియు ఆ కథలో పాత్రలుగా కనిపించును.

కమాను వచ్చిన దారి

మన ఎడ్లబండికి స్ప్రింగు లేదు. చక్రము రాయి ఎక్కినచో ఇరుసు ఎక్కును. ఇరుసు ఎక్కినచో బండిలో కూర్చున్నవాడును ఎక్కును. గంటకు మూడు నాలుగు కిలోమీటర్ల నడకలో అది ఓర్చుకొనదగినదే. కాని వేగము రెట్టింపైనచో కుదుపులోని శక్తి నాలుగు రెట్లగును. అందువలననే వేగముగా పోవలసిన వాహనమునకు మొట్టమొదట స్ప్రింగు అవసరమైనది.

స్ప్రింగు స్వభావమును శాస్త్రరీతిగా మొదట చెప్పినవాడు ఇంగ్లండు దేశీయుడైన రాబర్టు హుక్. 1676లో ఆయన తన సూత్రమును అక్షరములు తారుమారు చేసి పొడుపుకథ వలె ప్రకటించి, 1678లో దాని అర్థమును వెల్లడించెను. సాగుదల ఎంతయో బలమును అంత అనునదే ఆ సూత్రము. ఒక కిలో బరువునకు ఒక సెంటీమీటరు సాగు స్ప్రింగు, రెండు కిలోలకు రెండు సెంటీమీటర్లు సాగును. పాఠశాలలో విద్యార్థులు నేర్చుకొను ఈ సూత్రమే ఈనాటి పందెపుకార్ల లెక్కలన్నిటికిని పునాది.

1804లో లండనులో గుఱ్ఱపుబండ్లు చేయు ఒబాడియా ఎలియట్ అను నతడు ఉక్కుపట్టీలను ఒకదానిపై నొకటి పేర్చి, వంచి, రెండు విండ్లను ఎదురెదురుగా కలిపినట్లున్న స్ప్రింగును బండికి అమర్చెను. దానితో బండి క్రింద ఉండవలసిన బరువైన దూలము అవసరము తప్పినది. బండి తేలికయైనది, వేగము పెరిగినది. మన దేశమున లారీ మెకానిక్కులు ఇట్టి పట్టీల కట్టను ‘కమాను’ అందురు. కమాను అనగా విల్లు. ఆకారమునుబట్టియు, పనినిబట్టియు ఆ పేరు చక్కగా అమరినది.

హైదరాబాదు సంస్థానమునకు మోటారు వాహనములు వచ్చినప్పుడు అవియు కమానులమీదనే వచ్చినవి. ఆరవ నిజాము మహబూబు అలీఖాను 1911 ప్రాంతమున ఆజ్ఞాపించి చేయించిన రోల్స్‌రాయిస్ సింహాసనపు కారు అట్టిదే. ఆ కారును చౌమహల్లా రాజభవనములో సందర్శకులకై ప్రదర్శించిరి. 1932లో నిజాము స్టేటు రైల్వే వారు 27 బస్సులతో రోడ్డు రవాణా శాఖను ప్రారంభించిరి. ఆ బస్సులును కమాను కట్టలపై నడచినవే. కమానుకు ఒక సుగుణము కలదు. దాని పట్టీలు ఒకదానితో నొకటి రాచుకొనుటవలన ఊపు కొంతవరకు దానంతట అదే తగ్గును. ఒక లోపమును కలదు. పట్టీలకు తుప్పు పట్టినచో రాపిడి పెరిగి స్ప్రింగు మొరాయించును. గ్రీజు ఎక్కువైనచో రాపిడి తగ్గి బండి ఊగును. అనగా ఊపును అణచు పని అదృష్టము చేతిలో ఉన్నదన్నమాట.

ఊపును అణచుట

స్ప్రింగు శక్తిని మ్రింగునని సామాన్యముగా అనుకొందురు. అది సరికాదు. స్ప్రింగు శక్తిని దాచుకొని, మరుక్షణముననే తిరిగి ఇచ్చివేయును. గుంట దాటిన కారు పైకి లేచి, క్రిందికి దిగి, మరల లేచుట అందువలననే. ఈ ఊపు ఆగవలెనన్న ఎవరైన ఆ శక్తిని తీసికొని వేడిగా మార్చివేయవలెను. ఆ పని చేయు పరికరమునకు డాంపరు అని పేరు. వాడుకలో దీనిని షాక్ అబ్సార్బరు అందురు. నిజమునకు దెబ్బను అందుకొనునది స్ప్రింగు, ఊపును చంపునది డాంపరు.

ఇరువదవ శతాబ్ది ఆరంభమున ఫ్రాన్సులో ట్రూఫో, అమెరికాలో హార్ట్‌ఫర్డ్ అను వారు తోలు లేక చెక్కబిళ్ళల రాపిడితో పనిచేయు డాంపరులను వ్యాప్తిలోనికి తెచ్చిరి. కాని పొడి రాపిడికి ఒక దోషము ఉన్నది. అది చిన్న కుదుపునకును, పెద్ద కుదుపునకును ఒకే బలముతో అడ్డుపడును. చిన్న గులకరాయి వచ్చినప్పుడు లొంగక బిగుసుకొనును. పెద్ద గుంట వచ్చినప్పుడు చాలదు. కావలసినది వేగమునుబట్టి పెరుగు అడ్డు. అట్టి గుణము నూనెకు కలదు. సన్నని రంధ్రముగుండ నూనెను మెల్లగా త్రోసినచో సులభముగా పోవును. వేగముగా త్రోసినచో ఎదురు తిరుగును.

ఫిరంగి చెప్పిన పాఠము

నూనె యొక్క ఈ గుణమును చక్కగా ఉపయోగించుకొన్నవారు మొదట ఫిరంగులు చేయువారు. పాతకాలపు ఫిరంగిని ప్రేల్చినచో అది బండితో సహా వెనుకకు దొర్లెడిది. ప్రతి గుండునకును దానిని ముందుకు తోసి గురి చూడవలసివచ్చెడిది. 1897లో ఫ్రెంచివారు చేసిన 75 మిల్లీమీటర్ల ఫిరంగిలో గొట్టము మాత్రమే వెనుకకు జారును, బండి కదలదు. జారు గొట్టము ఒక పిస్టనును లాగును. పిస్టను నూనెను సన్నని దారిగుండ త్రోయును. నూనె వెనుక బంధించిన గాలి నొక్కుకొని, తరువాత గొట్టమును నెమ్మదిగా ముందుకు తెచ్చును. నూనె ఊపును చంపినది. గాలి స్ప్రింగు పని చేసినది.

1915లో బ్రిటనులోని వికర్స్ సంస్థ ఈ సూత్రమునే విమానపు కాలికి అన్వయించి పేటెంటు పొందెను. 1926లో అమెరికాలోని క్లీవ్‌లాండ్ న్యూమాటిక్ సంస్థ విమానములకొరకే ప్రత్యేకముగా రూపొందించిన నూనె-గాలి కాలిని తయారుచేయ మొదలిడినది. అంతకుముందు విమానములు ఇరుసునకు చుట్టిన రబ్బరు త్రాళ్ళపై దిగెడివి. రబ్బరు దెబ్బను తిరిగి ఇచ్చుటచేత అవి బంతి వలె ఎగిరెడివి.

నేటి విమానపు కాలిలో మామూలు గాలికి బదులుగా నత్రజనిని నింపుదురు. నూనెతో కలిసిన గాలి అధికమైన ఒత్తిడికి లోనైనప్పుడు వేడెక్కి మండు ప్రమాదమున్నది. డీజెలు ఇంజనులో ఇంధనము మండుట ఇట్లే. నత్రజనికి ఆ భయము లేదు.

ఒక చిన్న లెక్క

అకాడమీలో కేడెట్లు మొదట నడుపునది చిన్న శిక్షణ విమానము. కొంతకాలము హెచ్.పి.టి.-32 దీపక్ విమానము ఆ పనికి ఉపయోగపడినది. 2009లో దానిని విరమించిన తరువాత, 2013 మే నెలలో దుండిగల్‌లోనే స్విట్జర్లాండు దేశపు పిలాటస్ పి.సి.-7 మార్క్ 2 విమానములను లాంఛనముగా ప్రవేశపెట్టిరి. తరువాతి దశలో, 1964లో మొదట ఎగిరిన స్వదేశీ జెట్టు విమానము కిరణ్ చిరకాలము శిక్షణకు ఆధారమైనది.

ఇప్పుడు 2,500 కిలోల బరువు గల ఒక విమానమును ఊహింతము. అది సెకనుకు 3 మీటర్ల వేగముతో నేలను తాకినదనుకొందము. 46 సెంటీమీటర్ల ఎత్తునుండి జారవిడిచినచో కలుగు వేగమిది. క్రిందికి పోవు దాని గతిజశక్తి, ½ × 2,500 × 3 × 3, అనగా 11,250 జౌళ్ళు. రెక్కల ఎత్తుబలము ఆ క్షణమున విమానపు బరువును మోయుచున్నదని అనుకొనినచో, ఈ శక్తిని మాత్రము కాళ్ళు అందుకొనవలెను.

కాళ్ళలో ఏ పరికరమును లేక, టైరు మాత్రము 5 సెంటీమీటర్లు నొక్కుకొనినచో, సగటు బలము 11,250ని 0.05తో భాగింపగా 2,25,000 న్యూటనులు. ఇది విమానపు బరువునకు తొమ్మిది రెట్లకు పైన. అదే 25 సెంటీమీటర్లు జరుగు కాలు ఉన్నచో, సగటు బలము 45,000 న్యూటనులు, అనగా బరువునకు రెండు రెట్లకంటె తక్కువ. దూరము అయిదు రెట్లు పెరిగినందున బలము అయిదవ వంతైనది. మామిడికాయను పట్టుకొనునప్పుడు చేతిని వెనుకకు తీయు పిల్లవానికి ఈ సూత్రము లెక్క లేకుండనే తెలియును.

నూనె లేక స్ప్రింగు మాత్రమే ఉన్నచో ఆ 11,250 జౌళ్ళును తిరిగి విమానమును పైకి విసరును. పైకి లేచిన విమానమునకు వేగము తక్కువ, ఎత్తు తక్కువ. కేడెట్టు కంగారుపడి ముక్కును క్రిందికి వంచినచో ముందుచక్రము మొదట తగిలి, రెండవ గెంతు మొదటిదానికంటె పెద్దదగును. నూనె రంధ్రము ఆ శక్తిని వేడిగా మార్చివేయుటవలన మొదటి గెంతు దగ్గరనే ప్రమాదము చాలవరకు తగ్గును.

కారుకు వచ్చిన కాలు

కార్లలో స్ప్రింగును, నూనె డాంపరును ఒకే గొట్టములో ఇమిడ్చిన ప్రసిద్ధమైన తొలి ప్రయత్నములలో ఒకటి ఇటలీలో జరిగినది. 1922లో విన్‌చెంజో లాంచియా ప్రదర్శించిన ‘లాంబ్డా’ కారులో ముందుచక్రములు రెండును వేర్వేరుగా కదలును. ఒక్కొక్క చక్రమునకు ఒక నిలువు గొట్టము. దాని లోపల చుట్టస్ప్రింగు, దానితోడనే నూనె డాంపరు. ఎడమచక్రము గుంటలో పడినను కుడిచక్రము వంగదు. ఒకే ఇరుసుపై రెండు చక్రములున్న బండికి ఇది సాధ్యము కాదు.

తరువాత ఈ విషయమును లెక్కలతో, పరీక్షలతో పరిశీలించినవారిలో మారిస్ ఓలీ ముఖ్యుడు. ఆయన రోల్స్‌రాయిస్‌లో పనిచేసి, 1930లో అమెరికాలోని కాడిలాక్ సంస్థలో చేరెను. ఇచ్చటిచ్చట బరువులను మార్చదగిన ఒక పరీక్షావాహనముపై మనుష్యులను కూర్చుండబెట్టి ఏ ఊపు హాయిగా ఉండునో, ఏది వికారము కలిగించునో పరిశీలించెను. ముందు స్ప్రింగులు వెనుకవాటికంటె మెత్తగా ఉండవలెనని ఆయన తేల్చెను. గుంటను ముందుచక్రములు మొదట దాటును, వెనుకవి కొంత ఆలస్యముగా దాటును. వెనుకభాగపు ఊపు కొంచెము వేగముగా ఉన్నచో అది ముందుభాగమును అందుకొని రెండును కలిసి ఊగును. కారు ముక్కు వంచి లేపునట్టి కదలిక తగ్గును. 1934 నాటికి జనరల్ మోటార్స్ కార్లలో వేర్వేరుగా కదలు ముందుచక్రములు వచ్చినవి.

రెండవ ప్రపంచయుద్ధానంతరము అదే సంస్థలో అర్ల్ మాక్‌ఫర్సన్ అను ఇంజనీరు ఒక చిన్న, చవుక కారు నిర్మాణమునకు పూనుకొనెను. దాని పేరు ‘కేడెట్’. ఆ కారు అమ్మకమునకు రాలేదు. కాని చక్రమును నిలబెట్టు పనిని కూడ డాంపరు గొట్టమే చేయునట్లు ఆయన ఆలోచించిన పద్ధతి నిలిచినది. ఆయన ఫోర్డ్ సంస్థలో చేరిన తరువాత, 1950లో వెలువడిన కాన్సల్, జెఫిర్ కార్లలో అది అమలుకు వచ్చినది. భాగములు తక్కువ, చోటు తక్కువ, ఖర్చు తక్కువ.

మన రోడ్లపై ఈ పరిణామమంతయు వరుసగా కనబడినది. 1957 ప్రాంతమున వచ్చిన అంబాసిడరు కారుకు ముందు మెలితిరుగు ఉక్కుకడ్డీలు, వెనుక కమానులు. ఫియట్ 1100కు, దాని వారసురాలైన ప్రీమియర్ పద్మినికి, ముందు చుట్టస్ప్రింగులు, వెనుక కమానులు. 1983 డిసెంబరులో వచ్చిన మొదటి మారుతి 800కు ముందు మాక్‌ఫర్సన్ కాలు, వెనుక ఇంకను కమానులే. మధ్యతరగతి తెలుగు కుటుంబము తన మొదటి కారుతోపాటు, తెలియకుండనే, ఫిరంగి నుండి విమానమునకును, కార్లకును ప్రాకిన ఆలోచనను ఇంటికి తెచ్చుకొన్నదన్నమాట.

మర త్రిప్పి సవరించుట

పందెపుకార్ల వారికి ఇది చాలలేదు. ఒక ఊరి పందెపుదారి నున్నగా ఉండును. మరొక ఊరిది గతుకులుగా ఉండును. ప్రతిసారి కొత్త స్ప్రింగు వెదకుటకంటె ఉన్నదానినే సవరించుకొనుట మేలు. డాంపరును సవరించు మార్గము చూపిన సంస్థలలో హాలండు దేశపు కోని ఒకటి. అది 1857లో గుఱ్ఱపు సాజు తయారుచేయు దుకాణముగా పుట్టినది. గుఱ్ఱములు పోయి కార్లు రాగా, సాజు మాని డాంపరులు చేయసాగెను. 1953లో ఫ్రాన్సులో డి కార్బన్ అను శాస్త్రజ్ఞుడు నూనె వెనుక నత్రజనిని ఒత్తిడితో బంధించిన డాంపరుల తయారీకి పూనుకొనెను. ఎంత వేగముగా ఊగినను నూనెలో నురుగు పుట్టకుండుట దాని గుణము. నురుగు పుట్టిన నూనె అడ్డుపడుట మానును.

నేటి సవరించదగిన కాయిల్‌ఓవరులో ముఖ్యముగా మూడు భాగములు కలవు. మొదటిది చుట్టస్ప్రింగు. రెండవది దాని నడుమనున్న డాంపరు. దీని చివర ఒక చిన్న బొత్తాము ఉండును. దానిని ‘టక్కు టక్కు’ మని ఒక్కొక్క మెట్టు త్రిప్పినచో లోపలి నూనెదారి సన్నబడును, లేక వెడల్పగును. మూడవది డాంపరు గొట్టముపై చెక్కిన మరచుట్టు, దానిపై తిరుగు కంకణము. స్ప్రింగు ఆ కంకణముపై కూర్చుండును. కంకణమును పైకి త్రిప్పినచో కారు లేచును, క్రిందికి త్రిప్పినచో దిగును.

ఇచ్చట ఒక పొరపాటు అభిప్రాయము ప్రచారములో ఉన్నది. కంకణమును బిగించినచో స్ప్రింగు గట్టిపడునని పలువురు తలంతురు. హుక్ సూత్రమును జ్ఞాపకము చేసికొనుడు. ఒక కిలోకు ఒక సెంటీమీటరు నొక్కుకొను స్ప్రింగు, క్రింది ఆధారమును ఎంత పైకి జరిపినను, తరువాతి కిలోకును ఒక సెంటీమీటరే నొక్కుకొనును. మారినది ఎత్తు, గట్టిదనము కాదు. గట్టిదనము మారవలెనన్న స్ప్రింగునే మార్చవలెను.

గట్టి స్ప్రింగు వేసినప్పుడు డాంపరును మార్చకపోయినచో ఏమగును? ఒక చక్రముపై 300 కిలోల బరువు ఉన్నదనుకొందము. మీటరుకు 20,000 న్యూటనుల స్ప్రింగు ఉన్నచో కారు సెకనుకు సుమారు 1.3 సార్లు ఊగును. దానికి తగిన డాంపరు ఉన్నచో 100 మిల్లీమీటర్ల ఊపు ఒక్క చుట్టు తిరిగి వచ్చుసరికి సుమారు 14 మిల్లీమీటర్లకు తగ్గును. ఇప్పుడు స్ప్రింగును రెండు రెట్లు గట్టిదిగా, అనగా 40,000 న్యూటనులదిగా, మార్చి, డాంపరును అట్లే ఉంచినచో ఊపు సెకనుకు 1.84 సార్లగును, ఒక్క చుట్టు తరువాత 14కు బదులు 26 మిల్లీమీటర్లు మిగులును. అరిగిపోయిన డాంపరైనచో 73 మిల్లీమీటర్లు కూడ మిగులవచ్చును. అందుచేతనే స్ప్రింగును, డాంపరును జతగా ఎన్నుకొనవలెను. కాయిల్‌ఓవరును జతగా అమ్ముటలోని మర్మమిదియే.

డాంపరును మితిమీరి బిగించుటయు మంచిది కాదు. గుంటలోపడి నొక్కుకొనిన స్ప్రింగు తిరిగి సాగుటకు ముందే మరొక గుంట వచ్చును. చక్రము క్రమక్రమముగా పైకి ముడుచుకొనిపోయి, చివరకు నేలను విడుచును. నేలను విడిచిన టైరు బ్రేకునకు లొంగదు, స్టీరింగునకు లొంగదు. కారు ఎంత ఖరీదైనదైనను, ఎంత శక్తి గల ఇంజను ఉన్నను, దానిని మనుష్యుని అదుపులో ఉంచునవి నాలుగు అరచేతులంతటి టైరు ముద్రలే. వాటిని నేలకు అంటియుంచుటయే స్ప్రింగు, డాంపరుల ప్రధానధర్మము. హాయి అన్నది ఆ తరువాతిది.

ఎత్తు తగ్గించుటలోని లాభనష్టములు

స్పోర్ట్స్ కారును క్రిందికి దించుటకు కారణము కలదు. 1,200 కిలోల కారు మలుపు తిరుగునప్పుడు లోపలి చక్రములనుండి బయటి చక్రములకు కొంత బరువు మారును. గరిమనాభి నేలకు అరమీటరు ఎత్తున ఉండి, చక్రముల నడుమ వెడల్పు ఒకటిన్నర మీటరై, మలుపు త్వరణము గురుత్వ త్వరణములో పదింట ఎనిమిది పాళ్ళైనచో, మారు బరువు సుమారు 320 కిలోలు. స్ప్రింగు గట్టిదైనంత మాత్రమున ఈ బరువు తగ్గదు. కారు ఒరుగుట మాత్రము తగ్గును. దీనిని తగ్గించునది ఎత్తు. కారును 3 సెంటీమీటర్లు దించినచో అది సుమారు 301 కిలోలగును.

ఇక నష్టము చూతము. మన దేశపు రోడ్డు ప్రమాణముల ననుసరించి వేగనిరోధకపు దిబ్బ 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పుతో, నెమ్మదైన విల్లువంపుగా ఉండవలెను. రెండున్నర మీటర్ల దూరమున ముందువెనుక చక్రములున్న కారు అట్టి దిబ్బపై నిలిచినప్పుడు చక్రములును దిబ్బపైననే ఉండును. కారు కడుపు క్రింది ఖాళీలో తగ్గునది సుమారు నాలుగున్నర సెంటీమీటర్లు మాత్రమే. కాని పలు వీధులలో దిబ్బలను గట్లవలె సన్నగా పోయుదురు. చక్రములు రెండును గట్టునకు ఇరువైపుల నేలపై నిలిచినచో, పూర్తిగా 10 సెంటీమీటర్లు తగ్గును. నేలకు 12 సెంటీమీటర్ల ఎత్తున ఉన్న కారు 2 సెంటీమీటర్ల ఖాళీతో దాటును. దానినే 3 సెంటీమీటర్లు దించినచో కడుపు దిబ్బకు తగులును. నూనెతొట్టి పగులుట, గొట్టములు విరుగుట అప్పుడే జరుగును. పందెపుదారిలో లాభమైనది పల్లెదారిలో నష్టమగుట ఇట్లు.

సవరించునప్పుడు నాలుగు కంకణములను ఇష్టము వచ్చినట్లు త్రిప్పరాదు. నాలుగు కాళ్ళ పీటకు ఒక కాలు పొడవైనచో ఏమగునో అందరికిని తెలియును. బరువు రెండు ఎదురుమూలలకు చేరి పీట ఊగును. కారు ఊగదు కాని, రెండు మూలలు బరువును మోయగా తక్కిన రెండు తేలికగా ఉండును. అప్పుడు బ్రేకు వేసినచో కారు ఒక ప్రక్కకు లాగును. అందుచేత పందెపువారు నాలుగు చక్రముల క్రింద నాలుగు తూకపుపలకలు ఉంచి, నడుపువాని బరువునుకూడ సీటులో పెట్టి, కంకణములను కొద్దికొద్దిగా త్రిప్పి, ఎదురుమూలల మొత్తములను సరిచేయుదురు.

2023 ఫిబ్రవరి 11వ తేదీన హైదరాబాదులో హుస్సేను సాగరు ఒడ్డున విద్యుత్ కార్ల ప్రపంచస్థాయి పందెము, ఫార్ములా-ఇ, జరిగినది. మన దేశమున ఆ పందెము జరుగుట అదే మొదటిసారి. దారి నిడివి సుమారు 2.8 కిలోమీటర్లు. నగరపు వీధులనే పందెపుదారిగా మార్చిన ఇట్టిచోట అతుకులు, గతుకులు తప్పవు. నున్నని పందెపుదారికి కుదిరిన స్ప్రింగు, డాంపరుల అమరిక ఇచ్చట కుదరదు. పందెమునకు ముందు అభ్యాసవేళలలో ఇంజనీర్లు చేయు పనులలో ఈ సవరణ ఒకటి.

చట్టము చెప్పునది

సామాన్యమైన రోడ్డుపై నడుచు వాహనమును ఇష్టము వచ్చినట్లు మార్చుటకు చట్టము ఒప్పుకొనదు. 1988 నాటి మోటారు వాహనముల చట్టములోని 52వ విభాగము ఈ విషయమునకు సంబంధించినది. తయారుచేసినవారు మొదట నిర్ణయించిన వివరములకు భిన్నముగా వాహనమును మార్చరాదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టము చేసినది. ఇందులోని విజ్ఞత పై లెక్కలనుబట్టియే తెలియుచున్నది. స్ప్రింగు మారినచో డాంపరు మారవలెను. ఎత్తు మారినచో చక్రముల వాలు, దీపముల వెలుగు పడు దూరము, బ్రేకుల బలపు పంపకము మారును. ఒక్కటి కదిపిన పది కదలును. మార్పును లెక్కతో చేయువారికి పందెపుదారి ఉన్నది. కొలతలేక చేయువారి పొరపాటునకు దారినపోవు ఇతరులు బలియగుదురు.

తరగతిలో చూపదగిన ప్రయోగము

దుండిగల్‌లో విమానవిద్య, ఇంజనీరింగు బోధించు కళాశాలలు కూడ వెలసినవి. 2000లో స్థాపింపబడిన ఏరోనాటికల్ ఇంజనీరింగు సంస్థ వానిలో ఒకటి. దేశములో ఇంజనీరింగు విద్యార్థులు స్వయముగా గతుకులదారి బండిని కట్టి పోటీపడు బాజా పోటీలు 2007నుండి జరుగుచున్నవి. అట్టి బండి కట్టుటకు ముందుగనే, ఉన్నత పాఠశాలలోనే ఈ విషయమును చూపవచ్చును.

ఒక స్ప్రింగును మేకునకు తగిలించి, దాని చివర ఒక గుండ్రాయిని కట్టుడు. రాయిని నాలుగు సెంటీమీటర్లు లాగి విడిచి, ఊపు సగమగువరకు ఎన్నిసార్లు ఊగునో లెక్కింపుడు. పిమ్మట రాయి మునుగునట్లు క్రింద నీళ్ళగిన్నె ఉంచి మరల లెక్కింపుడు. మూడవసారి గిన్నెలో ఆముదము పోయుడు. గాలిలో చాలసార్లు ఊగిన రాయి నీటిలో కొన్నిసార్లు మాత్రమే ఊగును. ఆముదములో ఊగునో లేదో అన్నట్లుండును. తరువాత రెండు స్ప్రింగులను ప్రక్కప్రక్కన కట్టి అదే రాయిని వ్రేలాడదీయుడు. గట్టిదనము రెట్టింపైనందున ఊపు వేగము సుమారు 1.4 రెట్లగును, రెండు రెట్లు కాదు. వర్గమూలము అనునది విద్యార్థులకు కంటి యెదుట కనబడును. మూడు గిన్నెలలో వచ్చిన అంకెలను నల్లబల్లపై పట్టికగా వ్రాయించి, ‘దుండిగల్‌లో దిగు విమానపు కాలిలో ఆముదమువంటి చిక్కని ద్రవమునే పోసి, రంధ్రమును మూసివేసినచో ఏమగును?’ అని ప్రశ్నింపవలెను. ఊపు ఉండదు నిజమే. కాని కాలు లొంగదు, దెబ్బ అంతయు కేడెట్టు వెన్నునకు చేరును. లొంగుటయు, ఆగుటయు తగుపాళ్ళలో కలిసినప్పుడే చక్రము నేలపైనను, మనుష్యుడు క్షేమముగాను ఉందురను మాట విద్యార్థులు తమ అంకెలనుండి తామే చెప్పగలుగుదురు.